ఆమె నీకేమవుతుంది?

ఐజాక్ పెళ్లి ఫ్లెక్సీ వేసింది నేనే. గురజాల బస్టాండు దగ్గర నా షాపు. పుట్టినరోజుకైనా, పార్టీ పదవికైనా, దశదిన కర్మకైనా ఈ చుట్టుపక్కల ఎవరి మొహం రోడ్డు మీదికెక్కాలన్నా నా మిషన్ లోంచే రావాలి. అందుకని మనుషుల గురించి నాకు కాస్త ఎక్కువే తెలుసని ఒక నమ్మకం ఉండేది. ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డ ఆ మంగళవారంతో అది పోయింది.

ఐజాక్‌ది దాచేపల్లి దగ్గర పల్లె. నాపరాళ్ల క్వారీలో పొక్లెయిన్ తోలేవాడు. కింద చూస్తే కళ్లు తిరిగే గొయ్యి అంచున అంత మిషన్నీ నిలబెట్టి, చేతులు వదిలేసి బీడీ వెలిగించుకునేవాడు. అలాంటివాడు తహసీల్దారు ఆఫీసు మెట్టెక్కాలంటే మాత్రం నన్ను తోడు రమ్మనేవాడు. కౌంటరు అవతల మనిషి కనిపిస్తే చాలు, కన్నతండ్రి పేరు కూడా పక్కవాణ్ణి అడిగి చెబుతాడు. పల్నాడు వాళ్లంటే మీసం మెలేసి మాట్లాడతారని బయట పేరు. ఆ మీసాలు ఆఫీసు గుమ్మాల ముందు ఎలా వేలాడతాయో చూడాలంటే మా వైపు రావాలి.

వాడు ఖతార్‌లో నాలుగేళ్లు క్రేన్ నడిపాడు. అక్కడ లేబర్ క్యాంపు క్లినిక్‌లో చీటీలు రాసే ఫిలిప్పీన్స్ అమ్మాయి మారిసెల్. ఒకసారి వేలు నలిగి కట్టు కట్టించుకోవడానికి వెళ్లాడట. వారంలో మానాల్సిన వేలు, వీడి తిరుగుడు చూస్తే నెలైనా మానలేదు. ఇద్దరూ మాట్లాడుకునే ఇంగ్లీషుకు తలా తోకా ఉండదు, ఒకరిది ఒకరికి మాత్రం బ్రహ్మాండంగా అర్థమవుతుంది. కాంట్రాక్టులు అయిపోయి ఎవరి దేశం వాళ్లు చేరాక కూడా రెండేళ్లు ఫోన్‌లోనే కలిసి ఉన్నారు.

వాడి తల్లి జ్ఞానమ్మ మిరపకోతలకు ఆడకూలీల్ని తీసుకెళ్లే ముఠామేస్త్రి. విషయం తెలిసిన రోజున అన్నం మానేసింది. రెండో రోజు కొడుకు ఫోన్‌లో ఆ అమ్మాయి బొగ్గుల మీద ఎండుచేపలు కాల్చుకుంటుంటే చూసి, ఏం చేపలని అడిగింది. అంతే, మూడో రోజు నుంచి కొడుకు పక్కన లేకపోయినా వాళ్లిద్దరూ మాట్లాడుకునేవారు. ఈవిడ తెలుగు నేర్పేది. అన్నం, నీళ్లు, ఉంది, లేదు, తిన్నావా, అత్తమ్మ. మారిసెల్‌కి మా భాషలో వచ్చింది ఇలాంటి పది మాటలే.

పెళ్లి ఫిబ్రవరిలో అనుకున్నారు. తొందరగా దొరికేది టూరిస్టు వీసా కాబట్టి దాని మీద రమ్మన్నారు. చర్చిలో మూడు ఆదివారాలు ఫాదర్‌గారు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. ఎవరికీ లేదు. నేను పది అడుగుల ఫ్లెక్సీ వేసి చర్చి ముందు రోడ్డు మీద కట్టించాను. ఇద్దరి ఫోటోలు, పైన శుభవివాహం, కింద జ్ఞానమ్మ పట్టుబట్టి రాయించిన మాట: మా ఇంటి కోడలికి స్వాగతం. ఐజాక్ దాని ఫోటో పంపితే ఆ అమ్మాయి ఫోన్ తెర మీద అదే పెట్టుకుంది. నా పని సముద్రాలు దాటిందని నేను షాపులో వచ్చినవాడికల్లా చెప్పుకున్నాను.

ఆమె బయల్దేరే వారం ముందు, ఎందుకైనా మంచిదని ఐజాకూ జ్ఞానమ్మా నేనూ నరసరావుపేట వెళ్లి త్రికోటేశ్వరరావుని కలిశాం. నెట్ సెంటర్ పెట్టుకుని పాస్‌పోర్టు ఫారాలు నింపుతాడు, కాబట్టి అన్నీ తెలిసినవాడి కింద లెక్క. టూరిస్టు వీసా మీద వస్తూ పెళ్లి మాటెత్తితే అటునుంచి అటే వెనక్కి పంపుతారన్నాడు. ఫ్రెండ్ అనండి, ఎత్తిపోతల జలపాతం చూసి పోతుందనండి, ఇంకో ముక్క మాట్లాడొద్దన్నాడు. అతను చెప్పింది నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. అతనికి కూడా తెలియదనుకుంటాను. కానీ చెప్పిన ధీమా చూసి ముగ్గురం నమ్మేశాం. తిరిగొచ్చి ఆ ఫ్లెక్సీ నేనే విప్పి చుట్టపెట్టాను. ఎయిర్‌పోర్టు ఆఫీసర్లు మా ఊరి రోడ్డు మీదికొచ్చి చూస్తారా అన్న ఆలోచన నా మట్టిబుర్రకు తట్టలేదు.

ఐజాక్ అదే మాట మారిసెల్‌కి చెప్పాడు. ఎందుకు అలా చెప్పాలి, మనం తప్పేం చేశాం అని ఆమె అడిగింది. ఊరికే అలా చెప్పెయ్ అన్నాడు. సరేనంది.

మంగళవారం పొద్దున్నే కారులో కృష్ణ దాటి ఎయిర్‌పోర్టుకి వెళ్లాం. జ్ఞానమ్మ కొత్త చీర కట్టి, ఒళ్లో క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. పదకొండుకు విమానం దిగింది. ఆ విమానంలోని వాళ్లంతా బండ్లు తోసుకుంటూ వచ్చేశారు. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా జ్ఞానమ్మ లేచి నిలబడేది. పన్నెండు దాటాక ఐజాక్ ఫోన్ మోగింది. వాడే స్పీకర్ పెట్టాడు.

"ఐజాక్ అంటే మీరేనా? ఇమిగ్రేషన్ నుంచి. మారిసెల్ మీ నంబరిచ్చింది. ఆమె మీకేమవుతుంది?"

తెలుగాయనే. గొంతులో కోపం కూడా లేదు. ఐజాక్ ఉన్నచోటే నిటారుగా నిలబడ్డాడు.

"ఫ్రెండ్ సార్."

"ఫ్రెండంటే?"

"ఉత్త ఫ్రెండే సార్. ఎత్తిపోతల చూడ్డానికొచ్చింది."

"పెళ్లి చేసుకుంటున్నారా?"

జ్ఞానమ్మ కొడుకు చొక్కా పట్టుకుని లాగుతోంది. వాడు నా వైపు చూశాడు. దాచుకోవడం దేనికి, నేను తల అడ్డంగా ఊపాను.

"లేదు సార్," అన్నాడు.

"అయితే ఈ ఫ్లెక్సీ ఏమిటి? అమ్మాయి ఇక్కడే ఉంది. మీరన్నదంతా వింటోంది," అని ఆయన పెట్టేశాడు.

లోపల జరిగింది తర్వాత తెలిసింది. కౌంటరులో మొదటి ప్రశ్నకే మారిసెల్ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అబద్ధం చెప్పాలనే వచ్చిందట, ఆయన మర్యాదగా అడిగేసరికి నోరు రాలేదట. పెళ్లి చేసుకోవడానికి వచ్చాను, ఇదిగో చూడండి, ఊరంతా నన్ను రమ్మంటోంది అని ఫోన్‌లో నా ఫ్లెక్సీ చూపించింది. ఆ ఆఫీసరు మొదట నవ్వాడట కూడా. ఒకసారి అబ్బాయితో మాట్లాడి చూస్తానని ఫోన్ చేశాడు. తెలుగులో నడిచిన మాటల్లో ఆమెకు అర్థమైనవి రెండే. ఫ్రెండ్. లేదు. ఆ రెండోది జ్ఞానమ్మే నేర్పింది.

నిన్ను పెళ్లి చేసుకుంటానన్నవాడు లేదంటున్నాడు, ఎవరినని నమ్మి నిన్ను బయటికి పంపను అన్నాడట ఆ ఆఫీసరు. ఆయన్ని తిడదామని చాలాసార్లు ప్రయత్నించాను. తిట్టు దొరకలేదు.

ఐజాక్ ఆ నంబరుకి మళ్లీ మళ్లీ చేశాడు. మోగుతుంది, ఎవరూ ఎత్తరు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను దగ్గరికి పరుగెత్తి, సార్ ఆమె నా భార్య అన్నాడు. ఆ మాట వాడి నోటి నుంచి రావడం అదే మొదలు. లోపలికి టికెట్ ఉన్నవాళ్లకే దారి అని జవాను హిందీలో చెప్పి పక్కకు జరగమన్నాడు. నాకు తెలిసిన లీడర్లకు నేను ఫోన్లు చేశాను. నా ఫ్లెక్సీల మీద చేతులెత్తి దండం పెట్టే మొహాలన్నీ ఆ మధ్యాహ్నం మీటింగులోనే ఉన్నాయి. జ్ఞానమ్మ అద్దం దగ్గరికి వెళ్లి రెండు అరచేతులూ ఆనించి లోపలికి చూస్తూ నిలబడింది. సెక్యూరిటీ అమ్మాయి వచ్చి నెమ్మదిగా వెనక్కి తీసుకొచ్చింది.

"మూడాదివారాలు చర్చిలో చెప్పిచ్చి, ఒక్క నిమిషం ఫోన్లో లేదన్నావేందిరా," అంది కొడుకుతో. ఆ తర్వాత నా వైపు చూసింది. క్యారియర్ తీసుకెళ్లి కారులో పెట్టేసింది.

నాలుగు గంటలకు మారిసెల్ ఫోన్ చేసింది. వచ్చిన కంపెనీ విమానంలోనే తిరిగి పంపుతున్నారు. ఐజాక్ ఏడుస్తూ ఏదో చెప్పబోయాడు. అంతా నీ కోసమే చేశానన్నాడు, నెట్ సెంటర్ ఆయన చెప్పమన్నాడన్నాడు, భయపడ్డానన్నాడు. ఆమె అంతా విని నిదానంగా తన మాట చెప్పింది. ఆఫీసరు అడుగుతుంటే నాకేం భయం వెయ్యలేదు, నువ్వు జవాబు చెబుతుంటే వేసింది అంది. అత్తమ్మకు ఇవ్వమంది. జ్ఞానమ్మ ఫోన్ తీసుకుని, తిన్నావా అని అడిగింది. లేదు అంది ఆ అమ్మాయి. ఇక్కడ మేమూ ఎవరం తినలేదు.

ఆ అద్దానికి అటూ ఇటూ ఉన్న మనిషికీ మనిషికీ మధ్య వంద గజాలు కూడా ఉండవు. మూడు వేల మైళ్ల నుంచి వచ్చిన పిల్లను ఆ వంద గజాలు దాటించలేక ముగ్గురం కారెక్కాం. దారి పొడవునా ఐజాక్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. పెళ్లి తప్పిపోయిందని వాడికి చెప్పేవాళ్లు ఎవరూ లేరు, తప్పిపోలేదని చెప్పే ధైర్యం కూడా మాకెవరికీ లేదు.

ఇది జరిగి మూడు నెలలు. వాడు మళ్లీ క్వారీకి పోతున్నాడు. ఆమె ఫోన్ ఎత్తడం మానలేదు, కానీ తను చెయ్యడం తగ్గిపోయిందట. ఈసారి అసలు కారణం రాసి వీసా పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. పోయిన గురువారం వాడు షాపుకొచ్చి నా పక్కన కూర్చుని, ఉత్తరం టైపు చెయ్యమన్నాడు. మారిసెల్ నాకు కాబోయే భార్య, మా పెళ్లి చర్చిలో ప్రకటించారు, ఆమెను నా ఇంట్లో నా తల్లితో పాటు చూసుకుంటాను. ప్రతి మాటా వాడే చెప్పాడు, ఎక్కడా తడుముకోలేదు. నేను ఇంగ్లీషులో పెట్టాను. ఫాదర్‌గారి సంతకం చేయించుకుని, తన సంతకం చేసి, ఫోటో తీసి ఆమెకు పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. ఒక్క లైను. ఇలా రాయమని ఈసారి నీకు ఎవరు చెప్పారు అని.

ఐజాక్ ఫోన్ నా ముందు పెట్టాడు.

"ఏం చెప్పమంటావ్ శివాజన్నా?" అన్నాడు.