చాముండేశ్వరి ఆదివారాలు

ఆదివారం ఉదయం పది గంటలకి అరిజోనాలోని చాండ్లర్‌లో ఒక వీధి చివరి ఇంటి ముందు కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగేవి. పిల్లలు దిగి, గుమ్మం దగ్గర చెప్పులు కుప్పపోసి, ముందుగదిలో తివాచీ మీద కూర్చునేవారు. ఎదురుగా తెల్లబోర్డు. బోర్డు పక్కన చాముండేశ్వరి. కాసేపటికి ఆ ఇంట్లోంచి ఎక్కాలు చదువుతున్నట్టు ఒక వరస ఎండలోకి నడిచి వచ్చేది.

"కె జె పర్లాస్... కె త్యు పర్లాస్... కిల్ పర్లా..."

పక్కింటి ముసలి అమెరికన్ అది ఏదో దేవుడి స్తోత్రమనుకున్నాడు. ఫ్రెంచి అని చెబితే నమ్మలేదు. ఫ్రాన్సులో యుద్ధం రోజుల్లో తానూ ఉన్నాననీ, ఇలాంటి మాట అక్కడ ఎవరి నోటా వినలేదనీ అన్నాడు.

ఆయన అన్నది నిజమే. అది ఫ్రెంచి వాళ్లే నోటితో అనడం మానేసిన క్రియారూపం. పాత పుస్తకాల్లో ఎండిన పువ్వులా మిగిలింది. గడిచిపోయిన రోజులో నిలబడి, ఆ రోజు కోరుకున్నదాన్ని చెప్పడానికి వాడేవారు. అది జరిగిందో లేదో ఆ రూపం చెప్పదు. కోరుకున్నారన్నంత వరకే చెప్పి ఊరుకుంటుంది.

చాముండేశ్వరికి ఆ రూపాన్ని నేర్పింది యానాంలో ఈశ్వరయ్య మాస్టారు. ఆ ఊరు ఫ్రెంచి వాళ్ల చేతిలోంచి జారిన పద్నాలుగేళ్లకి ఆమె పుట్టింది. మాస్టారు మాత్రం ఇంకా వాళ్ల కాలంలోనే ఉండేవాడు. క్రియల్ని ఎక్కాల్లా వల్లె వేయించేవాడు. అర్థం తెలియకముందే ఆ లయ ఆమె ఒంటికి పట్టింది. తర్వాత హైదరాబాదులో ఎమ్మే, ఒక కాలేజీలో ఏడేళ్ల పాఠాలు. సుద్దముక్క పట్టుకుని నలభై ముఖాల ముందు నిలబడ్డప్పుడు తప్ప తాను ఎక్కడున్నా ఇంకెక్కడో ఉన్నట్టే ఉండేది ఆమెకి.

2001లో ఆమె భర్త శశికాంత్‌కి కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ అరిజోనా వచ్చారు. ఆమె పాస్‌పోర్టులో అంటించిన వీసా పేరు హెచ్-ఫోర్. ఆ కాగితం మీద ఆమె భార్యగా ఉండవచ్చు, పనిచేయకూడదు. మొదటి ఏడాది గోడలతో మాట్లాడింది. కిటికీ అవతల కాక్టస్ చేతులెత్తి నిలబడి ఉండేది, ఏదో అడిగి జవాబు కోసం ఆగినట్టు. రెండో ఏడాది, వీధిలో ఉండే రష్మి తన కూతురు శ్రుతిని తీసుకొచ్చి, స్కూల్లో ఫ్రెంచి తీసుకుంది, కాస్త చూడమంది.

అలా మొదలైంది. శ్రుతి వెంట ఇంకొకరు, వాళ్ల వెంట ఇంకొకరు. డబ్బు తీసుకోకూడదు కాబట్టి తీసుకోలేదు. తల్లులు బీరకాయలు తెచ్చేవారు, పెరట్లో కాసిన నిమ్మకాయలు తెచ్చేవారు. పాపం పిల్లలు లేరు కదా, ఆమెకీ టైమ్ పాస్ అవుతుంది అని ఆమె వినేలాగే అనుకునేవారు. ఆ మాట ఆమె విని బోర్డు తుడుచుకునేది.

పరీక్షలో రాని ఆ పాత రూపం ఎందుకని తల్లిదండ్రులు ఒకరిద్దరు అడిగారు. ఆమె మానలేదు. ఒకరోజు శ్రుతే అడిగింది.

"ఆంటీ, ఇట్ల ఎవరు మాట్లాడ్తారు?"

"ఎవరూ మాట్లాడరు."

"దెన్ వై?"

"ఎవరో ఒకరు అనకపోతే చచ్చిపోతుంది కదమ్మా. మనం ముప్ఫై మందిమి అందాం."

శ్రుతి నవ్వి, ఆరు రూపాలూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద ఫ్రెంచి పోటీలో మొదట వచ్చింది.

2007 జూలైలో గ్రీన్‌కార్డ్ గేట్లు కొన్ని వారాలు తెరుచుకున్నాయి. అందరితో పాటు శశికాంత్ కూడా అప్లై చేశాడు. గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తుందో తెలియదు గానీ, అది వచ్చేలోపు పనిచేసుకోవచ్చనే కార్డు నవంబరులో చాముండేశ్వరి పేరు మీద పోస్టులో వచ్చింది. ఆమె దాన్ని వంటింట్లో నిలబడి చాలాసేపు చూసింది. ఫొటోలో తన ముఖం వేరే ఎవరిదో బతికున్న మనిషి ముఖంలా ఉంది.

మార్చిలో దగ్గర్లోని ఒక ప్రైవేట్ స్కూల్లో ఫ్రెంచి టీచర్ కావాలన్నారు. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ప్రిన్సిపాల్ ఆమెతో మాదిరి పాఠం చెప్పించుకుంది. పిల్లలు గంట కొట్టినా లేవలేదు. హైదరాబాదు సర్టిఫికెట్లు సరిపోయాయి, కానీ ఆ అనుభవం ఏడేళ్ల కిందటిది. గత ఐదేళ్లలోపు ఆమె పాఠం చెప్పగా చూసినవాళ్లు ఇద్దరు ఉత్తరాలు రాసిస్తే చాలు, ఆగస్టులో చేరవచ్చంది ప్రిన్సిపాల్.

ఇద్దరేనా అని చాముండేశ్వరి లోలోపల నవ్వుకుంది. ఇంటికి వచ్చి పేర్లు రాసుకుంది. ముప్ఫై ఒక్క మంది పిల్లలు. అరవై ఇద్దరు తల్లిదండ్రులు. ఎవరిని అడగాలో, ఎవరిని అడగకపోతే నొచ్చుకుంటారో అని కూడా ఆలోచించింది.

ఆ సాయంత్రం రష్మిని అడిగితే సరేనంది. రేపే రాసిస్తానంది. మర్నాడు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు చాముండేశ్వరి వాళ్లింటికి నడిచి వెళ్లింది. రష్మి టీ పెట్టింది, బిస్కెట్లు పెట్టింది, ఉత్తరం పెట్టలేదు.

"అట్ల కాదక్కా. మోహన్ వద్దంటుండు. మా ఫైల్ కూడా పెండింగ్‌ల ఉంది కదా. నువ్వు హెచ్-ఫోర్ మీద ఉన్నప్పుడు చెప్పినవ్ అని మేం సైన్ చేస్తే, రేపు అది వర్క్ చేసినట్టే అంటే? నీకూ ప్రాబ్లమే, మాకూ ప్రాబ్లమే."

"డబ్బు తీసుకోలేదుగా రష్మీ."

"మాకు తెలుసక్కా. వాళ్లకెట్ల తెలుస్తది?"

తర్వాత వారంలో మిగతా ఇళ్లన్నీ ఒక్కో తలుపుగా మూసుకున్నాయి. అందరి నోటా ఒకటే మాట, కాగితం మీద ఏమీ ఉండకూడదట. ఎవరు చెప్పారంటే లాయర్ అన్నారు. ఏ లాయర్ అంటే ఎవరికీ తెలియదు. చివరికి రష్మి భర్త మోహన్ ఒక ప్రింటవుట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వీసాల గురించి మనవాళ్లందరూ పొద్దున కాఫీ కంటే ముందు చదివే ఇంటర్నెట్ ఫోరమ్‌లోని పేజీ అది. ముఖమూ పేరూ లేని ఒక మనిషి అడిగాడు, ముఖమూ పేరూ లేని ఇంకో మనిషి జవాబిచ్చాడు. పాఠాలు చెప్పినట్టు రాతలో ఎక్కడా దొరకనివ్వకండి, కేసు పోతుంది అని.

చాముండేశ్వరి జవాబు చదవలేదు. ప్రశ్న చదివింది. మా ఆవిడ ఆదివారాలు పది నుంచి పన్నెండు దాకా ముప్ఫై ఒక్క మంది పిల్లలకి ఫ్రెంచి ఉచితంగా చెబుతుంది, ఇప్పుడు స్కూల్ వాళ్లు ఉత్తరాలు అడుగుతున్నారు, నా గ్రీన్‌కార్డ్‌కి ఏమైనా ఇబ్బందా?

నా గ్రీన్‌కార్డ్‌కి అనే ఉంది అందులో.

సాయంత్రం శశికాంత్ ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగా ఆమె ఆ కాగితం అతని ముందు పెట్టింది. అతను తల ఎత్తలేదు.

"ఊరికే అడిగానంతే చామూ. మన సేఫ్టీ కోసమే కదా."

"నన్ను అడగొచ్చుగా."

"నీకేం తెలుసు ఇమిగ్రేషన్ గురించి?"

"నాకు తెలిసింది వేరే," అంది ఆమె.

ఏప్రిల్ మొదటి వారంలో ప్రిన్సిపాల్ మరొకసారి పిలిచింది. ఉత్తరాలు రాలేదేమని అడిగింది. మంచి మనిషి, సాయం చేయాలనే అడిగింది. ఈ ఏడేళ్లూ ఎక్కడా ఎవరికీ ఏమీ చెప్పలేదా, పక్కింటి పిల్లలకైనా సరే అంది. చాముండేశ్వరి చూపు ఆమె వెనక కిటికీలోకి పోయింది. బయట పాలో వెర్దె చెట్టు నిండా పసుపు పూలు, గాలి లేకుండానే రాలుతున్నాయి. ఫైలు ఎవరిదో ఒకరిది పోతుందని ఎందరో భయపడుతున్నారు. ఆమె కూడా భయపడింది.

"నో," అంది.

ఆ అక్షరం పలకడానికి ఆమెకి ఏ వ్యాకరణమూ అక్కర్లేకపోయింది.

ఆదివారం పది గంటలకి కార్లు ఎప్పటిలాగే వచ్చాయి. పిల్లలు దిగారు. తలుపు తెరుచుకోలేదు. రష్మి బెల్ కొట్టింది. చాముండేశ్వరి తలుపు సగం తీసి గుమ్మంలోనే నిలబడింది.

"ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు కదా రష్మీ. మరి వీళ్లంతా ఎందుకొచ్చారు?"

గొంతు పెంచకుండానే అంది. పిల్లలు చెప్పులు మళ్లీ తొడుక్కున్నారు. శ్రుతి ఏదో అనబోయింది, తల్లి చేయి పట్టుకుని కారెక్కించింది. ఆ తర్వాత ఊళ్లో ఆమెకి తలబిరుసు అన్నారు, ఉద్యోగం రాలేదని అక్కసు అన్నారు. పిల్లలకి గంటకి ముప్ఫై డాలర్లు తీసుకునే ట్యూటర్ దొరికాడు.

శశికాంత్ ఎప్పటిలాగే ఆఫీసుకి వెళ్లి వచ్చేవాడు. ఆమె ఎప్పటిలాగే వండేది. తర్వాత ఒక బట్టల దుకాణంలో చేరింది. కొనేవాళ్లు వేసి చూసి వదిలేసిన చొక్కాలు మడతపెట్టడం పని. పని చేయడానికి కార్డు ఉంది కదా, దానికి ఉత్తరాలు అక్కర్లేదు.

2013 జూన్‌లో గ్రీన్‌కార్డులు వచ్చాయి. వీళ్లకీ వచ్చాయి, నెల తిరగకముందే మోహన్ వాళ్లకీ వచ్చాయి. ఆ శనివారం రష్మి స్వీట్ల డబ్బాతో వచ్చింది. డబ్బా కింద ఒక కవరు. అందులో రష్మి, మోహన్ ఇద్దరూ సంతకాలు చేసిన ఉత్తరం. చాముండేశ్వరి తమ అమ్మాయికి ఎంత శ్రద్ధగా ఫ్రెంచి నేర్పిందో ఒక పేజీ నిండా ఉంది.

"ఇప్పుడు భయం లేదు కదక్కా. ఎక్కడన్నా అప్లై చెయ్యి. మేం ఎంతమందికంటే అంతమందికి చెప్తం."

చాముండేశ్వరి ఉత్తరం మొత్తం చదివింది. మంచి ఉత్తరమే. ఒక్క అబద్ధం లేదు. మడిచి కవరులో పెట్టి రష్మి చేతికిచ్చింది.

"ఐదేళ్లలోపు చూసినవాళ్లు రాయాలి. ఏప్రిల్‌తో ఐదేళ్లు దాటిపోయాయి."

రష్మి ఆ కవరు ఏం చేయాలో తెలియక కాసేపు చేతిలో తిప్పింది. తర్వాత మాట మార్చింది. శ్రుతి ఒక సెమిస్టర్‌కి ప్యారిస్ వెళ్లిందంది. అక్కడ దాని ఫ్రెంచి విని ప్రొఫెసర్లే ఆశ్చర్యపోతున్నారంది.

"ఇంత మంచిగ ఎక్కడ నేర్చుకున్నవ్ అని అడుగుతుండ్రంట. నీ గురించి అందరికీ చెప్తుందంటక్కా."

చాముండేశ్వరి గుమ్మం మీద చేయి వేసి నిలబడింది.

"ఏమని చెబుతుందట?"

రష్మి ఇష్టంగా, గర్వంగా, ఏ ఆలోచనా లేకుండా నవ్వింది.

"మా ఇంటి దగ్గర ఒక ఆంటీ ఉండేదని."