పన్నెండో ఫ్యాను

మార్చి మొదటి ఆదివారం ఉదయం ఏడింటికి తెనాలిలో బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను. నా సంచిలో ఉన్నవి: నీళ్ళ సీసా, రెండు పెన్నులు, స్టాంపు ప్యాడు, రెండు అంగీకార పత్రాలున్న ఫైలు. సాయంత్రానికి ఆ రెండు పత్రాల మీదా సంతకాలు ఉండాలి.

తెనాలిలో మా ఉచిత పఠనశాలకు పన్నెండు ఫ్యాన్లున్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు రోజంతా వాటి కిందే కూర్చుంటారు. అవి పాతబడిపోయాయి. ఒక్కోటి డెబ్భై అయిదు వాట్లు తింటుంది, గాలి మాత్రం సగమే ఇస్తుంది. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి సబ్‌స్టేషన్‌లో పనిచేస్తున్నాను, సెలవు రోజుల్లో పఠనశాల కోసం విరాళాలు అడుగుతాను. ముప్ఫై వాట్లకే తిరిగే కొత్త ఫ్యాన్ల లెక్క వేసి ఒక రైస్ మిల్లు యజమానికి చూపించాను. పన్నెండూ ఆయనే కొనిస్తానన్నారు. ఒకటే షరతు పెట్టారు. పన్నెండింటి రెక్కల మీదా వాళ్ళ నాన్నగారి పేరే ఉండాలి.

పాత రెక్కల మీద పాత దాతల పేర్లున్నాయి. వాళ్ళ అంగీకారం లేకుండా దింపకూడదని మా కమిటీ తీర్మానించింది. పదిమంది సంతకాలు వచ్చాయి. మిగిలింది బాపట్లలో ఒకరు, రేపల్లెలో ఒకరు. మిల్లు యజమాని సోమవారంలోగా చెప్పమన్నారు.

విరాళాలు అడిగేవాడు రైల్లో ఫైలు తెరవకూడదన్నది నా నియమం. ఆ రోజు మరిచిపోయి నిడుబ్రోలు దగ్గర తెరిచాను. ఎదురు సీటాయన వెంటనే కిటికీ వైపు తిరిగిపోయారు. పక్కనున్న పెద్దావిడ మాత్రం సూటిగా అడిగింది.

"చందాలా బాబూ?"

"కాదండీ. సంతకాలు."

"మొన్నొకడు ఇట్టాగే సంతకం అన్నాడు. తర్వాత రసీదు పుస్తకం తీశాడు."

ఎదురు సీటాయన కిటికీ వైపు చూస్తూనే నవ్వారు. నేను ఫైలు మూసేశాను. నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మూడోసారి ఫోన్ చేస్తే ఎత్తనివాళ్ళు, వచ్చే నెల రమ్మని ప్రతి నెలా చెప్పేవాళ్ళు, పాతబట్టలు ఇచ్చి ఫోటో తీయమనేవాళ్ళు అందరూ అలవాటైపోయారు. దొంగవాడేమో అన్న ఆ చూపు మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఎనిమిదిన్నరకు బాపట్లలో దిగాను. స్టేషను బయట రెండు ఇడ్లీ, ఒక పెసరట్టు తిన్నాను. పదిహేను నిమిషాలు నడిస్తే రిటైరైన లెక్చరర్ సుబ్బారావు మాస్టారి ఇల్లు వచ్చింది. ఆయన పత్రం చదవకుండానే సంతకం పెట్టేశారు.

"మా ఫ్యాను ఇంకా తిరుగుతోందా? అదే గొప్పయ్యా. నా మోకాళ్ళే ఎప్పుడో ఆగిపోయినయ్యి."

ఆయన భార్య కాఫీ ఇస్తూ అన్నారు. "ఇచ్చినప్పుడు ఇంటికొచ్చి దండేసి తీసుకెళ్ళారు. దింపేటప్పుడు కాయితం తెచ్చావా నాయనా? పోన్లే, తాగు. చల్లారిపోద్ది."

పదిన్నరకు రేపల్లె బస్సెక్కాను. టికెట్టు అరవై. కర్లపాలెం, చెరుకుపల్లి, నగరం మీదుగా వెళుతుంది. ఈ దారిన వెళ్ళేవారు ఎడమవైపు కూర్చుంటే ఎండ తప్పుతుందని నాకెవరో చెప్పారు. అది నిజం కాదు. కోతలైపోయిన పొలాల్లో మినుము ఆరబెట్టారు. నేను పన్నెండో పేరు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

అది నేను చదువుకున్న ఫ్యాను. నాలుగేళ్ళు దాని కింద కుర్చీలోనే కూర్చున్నాను. కరెంటు పోయినప్పుడు అది మెల్లగా ఆగేది. ఆగాక రెక్కల మీద నీలిరంగు అక్షరాలు కనిపించేవి. ఒక రెక్క మీద 'ఏసురత్నం', ఒక రెక్క మీద 'జ్ఞాపకార్థం', మరోదాని మీద 'రేపల్లె'. ఎవరీయన అనుకునేవాణ్ణి. కరెంటు వచ్చేది, చదువులో పడేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేదు. కూర్చోవాలని ఉంటుంది. కానీ అది ఎప్పుడూ ఎవరో ఒకరు చదువుకుంటున్న కుర్చీ.

రేపల్లెలో దిగేసరికి పన్నెండున్నర. దాతల రిజిస్టరులోని ఫోను నంబరు పనిచేయడం లేదు. 'చర్చి వెనక వీధి' అన్న ఒక్క ముక్కే ఉంది. చర్చి దగ్గరికి వెళ్ళేసరికి ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్నారు. ఒకాయన్ని అడిగితే తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలు పట్టుకున్న ఒకామెను చూపించారు. ఆమె ఏసురత్నం గారి భార్య సంతోషమ్మ. అరవై దాటి ఉంటాయి.

"తెనాలి నుంచా? ఎండలో పడొచ్చావు. ముందు అన్నం తిను, మాటలు తర్వాత."

ఒకే గది ఇల్లు. గోంగూర పచ్చడి, ఎండుచేపల కూర పెట్టారు. తిన్నాక నేను విషయం చెప్పాను. వాట్లు, గాలి, మిల్లు యజమాని షరతు, సోమవారం గడువు, వరుసగా. ఆమె కంచం తీసి పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఆయన మీ గేటు దగ్గర జామకాయలు అమ్మేవారు బాబూ. రోజూ పొద్దున రైలుకెళ్ళి సాయంత్రం రైలుకొచ్చేవారు. మధ్యాన్నం ఎండకి మీ వాళ్ళు వరండాలో కూర్చోనిచ్చేవాళ్ళంట. లోపల పిల్లలు చదివేది వినపడుద్దే, హాయిగా నిద్రొస్తదే అనేవారు. పోయాక ఆ ఫ్యాను ఇచ్చా."

"మీరు చూశారా అండీ?"

"లేదయ్యా. మా తమ్ముడి చేత డబ్బు పంపించా. వెళ్దాం వెళ్దాం అనుకోడమే. ఆయన లేకుండా ఆ రైలెక్కబుద్ధి కాలా."

నేను ఫోను తీశాను. పన్నెండు ఫ్యాన్లకూ వరుస నంబర్లు వేసి ఫోటోలు తీసి పెట్టుకున్నాను. పన్నెండోది తెరిచి ఆమె చేతికిచ్చాను. ఆమె దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు.

"ఇందులో పేరేదయ్యా?"

నా తప్పు అప్పుడు తెలిసింది. పిల్లలు చదువుతుంటే ఫ్యాన్లు ఆపడం ఇష్టంలేక తిరుగుతుండగానే తీశాను. ఫోటోలో ఉన్నది ఒక తెల్లటి చక్రం. పన్నెండు ఫోటోల్లోనూ అంతే.

ఆమె ఫోను తిరిగిచ్చారు. "రేషన్ కార్డులో ఆయన పేరు కొట్టేశారు. ఓటర్ల లిస్టులో కొట్టేశారు. గ్యాసు నా పేరుకి మార్చారు. సమాధి మీద రాయించిన పేరు వానలకి పోయింది. కొట్టెయ్యకుండా ఉంది ఆ ఒక్కచోటే అనుకుంటా ఉన్నా."

నా ఫైల్లో ఉన్నది కూడా ఒక లిస్టే. అందులో పది పేర్లు, బాపట్లతో పదకొండు, నా చేత్తోనే కొట్టేశాను.

"పిల్లలకి గాలాడాలిగా, సంతకం పెడతాలే," అన్నారామె. "కానీ ఒక్కసారి చూసి పెడతా. రైలెప్పుడు?"

మూడింటికి రైలు. ఆమె చీర మార్చుకుని, నాలుగు జామకాయలు సంచిలో వేసుకుని వచ్చారు. టికెట్టు నేను తీస్తానంటే ఒప్పుకోలేదు. పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు. ప్రతి స్టేషనులోనూ ఆమె ప్లాట్‌ఫాం మీద ఎవరో ఎక్కబోతున్నట్టు చూశారు. చినరావూరు దాటాక అడిగారు.

"ఆయన ఏ పెట్టెలో ఎక్కేవారో నీకు తెలియదుగా?"

"తెలియదండీ."

"నాకూ తెలియదు. అడగలా ఎప్పుడూ."

నాలుగున్నరకు పఠనశాల చేరాం. నేను పిల్లలకు చెప్పి స్విచ్చి ఆపాను. ఫ్యాను తిరిగి తిరిగి, ఒకవైపు కాస్త ఒరిగి ఆగింది. ఆమె తలెత్తి మూడు రెక్కలూ చదివారు. మళ్ళీ చదివారు.

"ఎంత సాగదీసి రాశారయ్యా. ఆయన అంత పొడుగు మనిషి కాదు."

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు. "ఏదీ కాయితం?"

పత్రం నా చేతిలోనే ఉంది. దాన్ని ఫైల్లో పెట్టేశాను.

"పదకొండు చాలండీ."

"మీ మిల్లాయన ఊరుకుంటాడా?"

"అడుగుతానండీ."

"ఊరుకోకపోతే?"

"మళ్ళీ ఇంటింటికీ తిరుగుతానండీ."

"అయితే ముందు మా వీధికి రా. ఇకెయ్యి స్విచ్చి, పిల్లలకి చెమటలు పడుతున్నయ్యి."

జామకాయలు పిల్లలకిచ్చేసి, అయిదున్నర రైలుకు ఆమె తిరుగుప్రయాణమయ్యారు. కిటికీ పక్కన కూర్చోబెట్టి వచ్చాను. మిల్లు యజమానికి ఆ సాయంత్రమే ఫోను చేసి పదకొండని చెప్పాను.  ఆలోచించుకోవాలి అన్నారాయన. ఇది రాసేనాటికి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. ఎండలు ముదురుతున్నాయి.

ఆ రోజు ప్రయాణంలో అనుకున్న సంతకాలు రెండు, వచ్చింది ఒకటి. స్టేషను నుంచి పఠనశాలకు తిరిగి వచ్చేసరికి నా పాత కుర్చీ ఖాళీగా ఉంది. నాలుగేళ్ళ తర్వాత అందులో కూర్చున్నాను. పైన తెల్లటి చక్రం తిరుగుతోంది. అక్షరాలేమీ కనిపించడం లేదు. వరండా వైపు తలుపు తీసే ఉంది. ఎవరైనా అక్కడ కూర్చుంటే మేం చదివేది వినిపిస్తుంది.