గుండ్రటి పుట్టికి లారీ బ్యాటరీ

కళ్యాణదుర్గంలో లారీ బ్యాటరీలు బాగుచేసే ఓబుళేసుకు చిల్లుల్లేని చొక్కా ఒక్కటీ ఉండేది కాదు. అన్నీ ఆసిడ్ చుక్కలు పడి జల్లెడలైనవే. భార్య తిమ్మక్క అంతవరకు ఓర్చుకుంది. తను కడవలో పట్టుకున్న వాననీళ్లను కూడా, ఉప్పులేని నీళ్లే కావాలంటూ అతను బ్యాటరీలకు పోసేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"మనుషులకు ఉప్పునీళ్లు, నీ పెట్టెలకు వాననీళ్లా? వాటితోనే కాపురం చేసుకో పో!"

మూట చంకన పెట్టుకుని, ఎండిపోయిన చెరువులో అడ్డంపడి నడిచి అవతలి ఒడ్డునున్న పుట్టింటికి పోయింది. ఆ వెనకే ఎన్నేళ్లకో పడాల్సిన వానంతా ఒక్కసారే పడి చెరువు నిండింది. ఓబుళేసు చుట్టుదారిన పోయి పిలిస్తే, ఆమె తమ్ముడు బయ్యన్న నవ్వాడు.

"మా అక్క నడిచి రాదంట బావా. పడవ తెస్తే వస్తాదంట."

పడవను కళ్లజూసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కాబట్టి అది రాననడమే. ఓబుళేసు మాత్రం తుంగభద్ర దిక్కు నుంచి పుట్టి ఒకటి, అంటే తోలు కప్పిన గుండ్రటి బుట్టపడవ, తెప్పించాడు. పాత డైనమోను మోటారుగా మార్చి, దాని కొసకు నీళ్లను వెనక్కి తోసేలా లారీ రేడియేటర్ ఫ్యాను బిగించాడు.

"ఆయిల్ ఇంజనే పెట్టుకోరాదాప్పా?" అన్నాడు నూనె మిల్లులో ఇంజను నడిపే లింగన్న.

"అన్ని దుడ్లు యాడుండాయన్నా? చచ్చిన బ్యాటరీల్లో మంచి ప్లేట్లు ఏరితే ఒక బతికిన బ్యాటరీ అయితాది. ఇది నడిచిందంటే కూలోళ్లంతా రేపు దీంట్లోనే చెరువు దాటొచ్చు."

"రేపటికి చెరువుంటే కదా!" అన్నాడు గాని, లింగన్నే బ్యాటరీకి మిల్లులో చార్జింగు పెట్టించాడు.

పుట్టిని నీళ్లలో దించిన రోజు ఊరంతా చెరువు గట్టెక్కింది. ఈత ఎవరికీ రాదు గానీ సలహాలు అందరూ ఇచ్చారు. స్విచ్చి వేయగానే పుట్టి ముందుకు పోలేదు, ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టింది.

"ఏమప్పా, పడవా, విసుర్రాయా అది?" గట్టు మీంచి అరిచాడు లింగన్న.

అవతల తిమ్మక్క చూస్తోంది. కళ్లు తిరుగుతున్నా ఓబుళేసు స్విచ్చి ఆపలేదు. గాలే దయతలచి, తిరిగే పుట్టిని మెల్లగా ఆమె ఒడ్డుకు నెట్టింది.

"యాడికి బయల్దేరినావు?" నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"నీ కోసమే."

"నా పక్క చూసి మాట్లాడు!"

"ఉండు, మళ్లా నీ పక్కకొస్తాండా."

ఆమె ఒంగి పుట్టి అంచు గట్టిగా పట్టుకుంది. "వాననీళ్లు ముందు ఇంటికి. మిగిల్తేనే నీ పెట్టెలకు. సరేనా?"

"సరే. ముందు ఎక్కు."

"తడుస్తావక్కా," అంటూ బయ్యన్న కూర్చోవడానికి పీట అందించాడు. తిమ్మక్క పుట్టి ఎక్కింది గాని, దాన్ని కింద వేసుకోలేదు. పుట్టి తిరగబోయిన వైపల్లా నీళ్లలో అడ్డం పెట్టింది. పుట్టి తలొంచుకుని తిన్నగా ఇంటిదారి పట్టింది.

చెరువు ఎండేదాకా శెనక్కాయ కూలీలు అందులోనే దాటారు. దాన్ని చేసింది ఓబుళేసే. అయినా, తిమ్మక్క పీట పట్టుకుని కూర్చుంటే తప్ప ఒక్కరూ కాలు పెట్టేవాళ్లు కాదు.