పంతులుకు విడిచిన జాగా

పెట్టె పంతులు పోయాడన్న కబురు నాకు ఆబిడ్స్ చౌరస్తాలో, నిచ్చెన మీద ఉండగా అందింది. సినిమా బోర్డు మీద హీరోయిన్ మొహం రాస్తున్నాను. ఒక కన్ను అయింది, రెండోది కావాలి. మా హోటల్ వంటమనిషి కింద నిలబడి, "అన్నా, జర దిగు. పంతులు నిద్రలనే పోయిండు," అన్నాడు. బ్రష్షు డబ్బాలో పెట్టడం మరిచి చేత్తో పట్టుకునే దిగాను. ఆ హీరోయిన్ మర్నాటి దాకా ఒంటికన్నుతోనే ఊరిని చూసింది. సినిమాహాలు మేనేజరు వచ్చి నన్ను చెడామడా తిట్టాడు. పంతులు బతికుంటే ఈయన వస్తున్నప్పుడు పెట్టె మీద ఏం వాయించేవాడా అని ఆలోచిస్తూ నిలబడ్డాను గాని, తిట్లు చెవికెక్కలేదు.

ఆ మాట అర్థం కావాలంటే మా హోటల్ సంగతి చెప్పాలి. నాంపల్లి స్టేషన్‌లో దిగి టాంగా ఎక్కి ఊరికే "హోటల్" అంటే చాలు, టాంగావాడు తిన్నగా అక్కడికే తోలుకొస్తాడు. అంత పేరున్న హోటల్. కింద పెద్ద హాలు, అందులోంచి పైకెక్కే పాలరాతి ముందు మెట్లు, గోడలకు నిలువెత్తు అద్దాలు. అక్కడ దిగేవాళ్లు వకీళ్లు, జాగీర్దార్లు, సినిమా కంపెనీలవాళ్లు. మా మకాం అన్నిటికంటే పైన, వెనకవైపు రేకుల గదుల్లో. ఒకప్పుడు నవాబుల వెంట వచ్చే నౌకర్ల కోసం కట్టిన గదులవి. పోలీసు చర్య తర్వాత నవాబుల రాకపోకలు తగ్గాయి. గదులు ఊరికే పడి ఉండడం చూడలేని హోటల్ సేటు వాటిని మాలాంటివాళ్లకు కిరాయికిచ్చాడు. నవాబుల మేడలైన దేవిడీలు మూతపడి కొలువు పోయిన వాద్యగాళ్లు, బొమ్మలు అమ్ముడుపోని నాలాంటి చిత్రకారులు అక్కడ చేరారు. సేటు పెట్టిన షరతు ఒక్కటే. ముందు మెట్లు మాకు లేవు. వెనక సందులోని ఇనుప మెట్లే మా దారి.

ఆ మెట్లకు ఎదురుగా ఉన్నది పంతులు గది. ఆయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాడు. మా దిక్కు హార్మోనియాన్ని పెట్టె అనే అంటాం కాబట్టి ఆయన పెట్టె పంతులు అయ్యాడు. టాకీలు వచ్చాక నాటకాలు చూసేవాళ్లు తగ్గారు. ఆయన కంపెనీ ఊళ్లన్నీ తిరిగి తిరిగి చివరికి గౌలిగూడలో విడిపోయింది. రాజులూ రాణులూ తలా ఒక బస్సెక్కి వెళ్లిపోతే, రేడియోలో వాయించాలన్న ఆశతో ఆయన ఇక్కడే ఉండిపోయాడు. రేడియోలో హార్మోనియం తీసుకోరని, దేశమంతా అదే నియమమని అక్కడికి వెళ్లాకగాని ఆయనకు తెలియలేదు. ఇంకొకరైతే ఆ సాయంత్రమే ఊరు వదిలేవారు. ఆయన నాంపల్లిలో అరటిపండ్లు కొనుక్కుని గదికొచ్చాడు. "రేడియోల పెట్టె వద్దన్నరు బిడ్డా. గీ మెట్లకాడ ఎవ్వరూ వద్దనలే గద," అని నాకొక పండు ఇచ్చాడు.

మెట్ల దగ్గర ఆయన చేసే పని ఒకటుండేది. నాటకంలో పాత్ర వచ్చే ముందు పెట్టె మోగుతుంది. రాజుకు ఒకలా, దూతకు ఒకలా, హాస్యగాడికి ఇంకోలా. ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. తలుపు తీసుకుని కూర్చుని, ఇనుప మెట్ల మీద అడుగు చప్పుడు వినగానే అదెవరో పోల్చుకుని ప్రవేశం కట్టేవాడు. రంగుడబ్బాలు మోగించుకుంటూ వచ్చే నాకు హాస్యగాడి ప్రవేశం. మొదట్లో నాకు చిరాకేసింది. పొద్దంతా ఎండలో నిచ్చెన మీద నిలబడి వచ్చేవాణ్ణి, నన్ను చూసి ఎవరైనా నవ్వితే ఒళ్లు మండేది. పోనుపోను ఆయన నిద్రపోయి అది మోగని రోజు ఇల్లు చేరినట్టే ఉండేది కాదు. కిరాయి కోసం వచ్చే సేటుకు మాత్రం చక్రవర్తి ప్రవేశం. "ఏంది పంతులూ ఈ తమాషా," అని ఆయన మొదటిసారి కళ్లెర్రజేశాడు. ఆ తర్వాత మలుపు దగ్గర ఆగి, వాయింపు పూర్తయ్యాక టోపీ సర్దుకుని ఎక్కేవాడు.

ఒక్కరికి మాత్రం ఆయన ఏమీ వాయించేవాడు కాదు. వరసలో చివరి గదిలో ఉండే ఆపాకు. అక్క అని అర్థమే గాని, మాకంతా ఆమె పేరే అది. ఒక దేవిడీలో చాలా ఏళ్లు పాడింది. దేవిడీ మూతపడ్డాక తంబూరాకు పాత దుప్పటి చుట్టి, మొహం గోడకు తిప్పి నిలబెట్టింది. ఔరంగాబాదులో ఆమె తమ్ముడున్నాడు. వచ్చి ఉండమన్నాడు గాని, తన ఇంట్లో పాట వినిపించకూడదన్నాడట. ఆమె సరేనంది. చలికాలం దాటగానే వెళ్తానని మాతో చెప్పింది. ఆ మాట విన్న రోజు పంతులు టీ కూడా తాగలేదు. "గొంతు ఉన్నది గద పెయింటర్. గొంతు ఉండంగ మూత పెట్టుకుంటే ఎట్ల? గాడికి పోతే మళ్ల పాడది," అన్నాడు. ఆయనకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆమె పాట ఆగిపోతుందన్నది ఆయన సొంత బాధ అయిపోయింది.

మర్నాటి నుంచి ఆపా మెట్లెక్కినప్పుడు కూడా పెట్టె మోగడం మొదలైంది. దేవిడీ రోజుల్లో ఆమెకు పేరు తెచ్చిన పాటనే ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడమంటే అలా ఇలా కాదు. యుద్ధానికి వెళ్తున్న వీరుడి పద్యంలాగా ఊపిరి సలపకుండా వాయించి, చివర ఒక పెద్ద రాగం తీసేవాడు. నెమ్మదిగా నడవాల్సిన పాట. ఆపా పెదవులు బిగించి కళ్లు దించుకుని గదిలోకి వెళ్లిపోయేది. రోజూ ఇదే వరస. వద్దని నేను చెప్పి చూశాను. వినలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె సుల్తాన్ బజార్ నుంచి సంచితో వచ్చి, తన గదికి వెళ్లకుండా పంతులు గుమ్మంలో ఆగింది.

"పంతులు సాబ్, ఆ పాట మీకేం అన్యాయం చేసింది?"

"తప్పుంటె చెప్పున్రి ఆపా," అన్నాడు ఆయన, చేతులు పెట్టె మీదే ఉంచి.

"గాడ ఆగాలె. మీరు ఆగుతలేరు, ఉరుకుతున్రు."

"ఏడ?"

ఆమె సంచి కింద పెట్టింది. ముందు సన్నగా కూనిరాగం తీసింది. అది చాలక పాడింది. ఒక్క చరణమే. నేను నా గదిలో బ్రష్షు గాలిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాట మధ్యలో ఆమె ఆగింది. పంతులు అప్పుడు వాయించాడు, ఆమె విడిచినంత మేరకే, వీరుడూ లేడు, యుద్ధమూ లేదు. ఆమె మళ్లీ అందుకుంది.

కావాలనే తప్పు వాయించావా అని తర్వాత ఎన్నిసార్లు అడిగానో. "నాటకపోణ్ణి బిడ్డా, మాకు ఆగుడు యాడ తెలుసు," అని నవ్వేవాడు. ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు నుంచి తంబూరా దుప్పటి విప్పుకుంది. సాధన పంతులు గదిలోనే. ఆయన పెట్టెలో శ్రుతి పట్టే భాగం ఎప్పుడో చెడిపోయింది. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మీట మీద వేలు పెట్టించాడు. "నువ్వు గిదొక్కటి పట్టుకో. ఏమన్న గాని ఇడువకు." నాకు సంగీతం ఒక్క ముక్క రాదు. పట్టుకుని కూర్చోవడం మాత్రం వచ్చు. ఆ రోజు బోర్డు మీద ఆకాశం రాసి వచ్చాను, వేలికున్న నీలం మీటకంటుకుంది. తుడవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనీ. నీ జాగా నీకు యాదుంటది."

చలికాలం దాటింది. ఆపా పయనం మాట ఎత్తలేదు గాని, మానుకున్నానని కూడా అనలేదు. వినేవాళ్లు లేని పాట ఎన్నాళ్లు నిలుస్తుందన్న దిగులు పంతులుకు పోలేదు. తనను వద్దన్న రేడియో గుమ్మం మళ్లీ ఎక్కాడు, ఆమె కోసం. ఆమె గొంతు విన్నారు, పాడడానికి ఒక రోజు ఇచ్చారు. ఆపా మాత్రం మొండికేసింది. "మీ పెట్టె రానికాడికి నేను పోను." పంతులుకు కోపం రావడం అప్పుడే చూశాను. "నా పెట్టె కోసం మీరు పాట బంద్ చేస్తరా? గట్లయితే ఔరంగాబాదుకే పోండ్రి. గాడ నా పెట్టే ఉండది, మీ పాటా ఉండది." అని తలుపేసుకున్నాడు. ఎప్పుడూ తీసి ఉండే తలుపు మూసేసరికి మేడంతా బిక్కచచ్చిపోయింది. రేడియోకు పోతానని ఆపా ఆ మూసిన తలుపుకే చెప్పింది.

ఆమె పాట వచ్చే సాయంత్రం కింద హాల్లో రేడియో చుట్టూ చేరాం. మేడవాళ్లం హాల్లో అడుగుపెట్టడమే అరుదు. సేటు చూసీచూడనట్టు ఊరుకున్నాడు. పంతులు పెట్టెను ఎత్తుకునే వచ్చాడు. వదిలి రావడానికి మనసొప్పలేదంటే నవ్వాను. ఓ పాలరాతి బల్ల మీద దాన్ని పెట్టి, నాటకం తెర చింపి చేసుకున్న ఎర్రగుడ్డ దాని మీద కప్పి కూర్చున్నాడు.

ఆపా గొంతు వచ్చింది. టీ కప్పుల చప్పుడు ఆగింది. తంబూరా, సారంగీ, ఆమె గొంతు. మొదటి చరణం అయ్యాక ఆమె ఆగింది. సారంగీ కూడా ఆగింది. తంబూరా ఒక్కటే మోగుతోంది. పంతులు మొహం పాలిపోయింది. "మరిచింది," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "నా పెట్టె అలవాటయి మరిచింది. నేనే చెడగొట్టిన." ఆమె ఏమీ తడబడకుండా రెండో చరణం అందుకుంది. అది కాగానే అదేచోట, అంతే మేర, మళ్లీ ఆగింది. పంతులు నా చెయ్యి వదిలేశాడు. రేడియో వైపు తల తిప్పి చూశాడు, మనిషిని చూసినట్టే. తర్వాత ఎర్రగుడ్డ తీసేశాడు.

మూడో చరణం తర్వాత ఆమె ఆగినప్పుడు హాల్లో పెట్టె మోగింది. నా వేలు నీలం మరక మీదుంది. ఆమె విడిచినంత మేర ఆయన వాయించి ఆగాడు, రేడియోలో ఆమె అందుకుంది. ఊరంతా ఆ రోజు మధ్యమధ్య ఖాళీలున్న పాట విన్నది. నిండు పాట విన్నది మా హోటల్ హాలొక్కటే. సేటు గల్లాపెట్టె దగ్గర నిలబడి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆపా రిక్షా దిగి హాల్లోకి వచ్చింది. నేరుగా పంతులు దగ్గరికెళ్లి, "అందిందా?" అంది.

"అందింది," అన్నాడు ఆయన.

"సారంగీ ఆయనకు ముందే చెప్పిన, గాడ నువ్వు ఊకో అని. కోపానికొచ్చిండు. గది పంతులు సాబ్ జాగా అంటే ఏ పంతులని అడిగిండు." ఆ మాట చెప్తూ ఆమె నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

ఔరంగాబాదు ప్రయాణం ఆ రోజుతో ముగిసింది. ఆమె పాట ఉన్న రోజున హాలు నిండిపోవడం అలవాటైంది. నాంపల్లిలో బండి దిగిన ప్రయాణికులు కూడా సామాన్లు పక్కన పెట్టి వినేవాళ్లు. రేడియోలో పంతులు ఒక్కనాడూ వాయించలేదు. అడిగితే, "వాయించుడంటే సగం ఆగుడే పెయింటర్, గా సగం రేడియోల వస్తున్నది గద," అనేవాడు. ఆ మాట మొదట నాకు ఓదార్పు కబురులా అనిపించింది. కాదు, ఆయన నిజంగా సంతోషంగా ఉండేవాడు. ఆయన పక్కన ఒక్క మీట పట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రాలు లేకపోతే నేనూ ఏదో ఒక బస్సెక్కి ఊరికి వెళ్లిపోయేవాణ్ణి. నా బొమ్మలు ఈనాటికీ పెద్దగా అమ్ముడుపోవు. అయినా రాస్తున్నానంటే అది ఆయన చలవే.

నిచ్చెన దిగి నేను హోటల్ చేరేసరికి అంతా సిద్ధమైంది. వెనక సందులోంచే దించుతారనుకున్నాను. కింద అతిథులు భోజనాలు చేస్తున్న వేళ. సేటు పైకొచ్చి పంతులు వైపు కాసేపు చూశాడు. "వెనక మెట్లు ఇరుకు. ముందునుంచి తీసుకపోండ్రి," అన్నాడు. ఆ ఇనుప మెట్ల మీదుగానే ఆపా చెక్క బీరువా పైకెక్కింది. ఆ సంగతి సేటుకూ తెలుసు.

పాలరాతి మెట్ల పైన నలుగురూ ఆయన్ని ఎత్తుకున్నారు. మెట్లెక్కిన ప్రతివాడికీ ప్రవేశం కట్టిన మనిషి, ముందు మెట్ల మీదికి మొదటిసారి వస్తున్నాడు. ఆ ఊహ నాకే వచ్చిందనుకున్నాను. ఆపా అప్పటికే మెట్ల మలుపులో నిలబడి ఉంది. పెట్టె ఆమె కాళ్ల దగ్గరుంది, గుడ్డ తీసి.

ఆమె ఆ పాటే ఎత్తుకుంది. హాల్లో తింటున్నవాళ్లు ఒక్కొక్కరే చేతులు ఆపి లేచారు. చరణం అయ్యింది. ఆపా ఆగింది, ఎప్పుడూ ఆగేచోటే, ఎప్పుడూ ఆగేంత మేర. నా వైపు చూడలేదు. నేను వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాను. ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూ, నాకు తెలిసిన ఆ ఒక్క మీట మీద, నీలం మరక మీద వేలు పెట్టాను.

సన్నగా, తిన్నగా ఒకే స్వరం మోగింది. ఆయన ఒక్కో మెట్టే దిగి మా పక్కనుంచి వెళ్లాడు. ఆపా మళ్లీ అందుకుంది. ముందు తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి, బయట ఎండ కాస్తోంది. నేను వేలు తియ్యలేదు.