కడుపులో చీనీ గింజ

మా అమ్మాయి ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీటు మీద ఒక పంపును నిలువునా కోసినట్టు గీసి, కోతపడిన చోటంతా ఏటవాలు గీతలు నింపుతోంది. పెన్సిలు చెక్కిన వాసనకు మా ఊరి మోటారు మెకానిక్ మస్తాన్ మామ గుర్తొచ్చాడు.

బోరు మోటారు విప్పకముందే ఆయన దాని లోపలి భాగాలన్నీ సుద్దముక్కతో గచ్చు మీద అలాగే గీసి రైతులకు చూపించేవాడు. ఆయన చూపు ఇనుములోకి దూరిపోతుందని నేను నమ్మాను. అందుకే చీనీకాయ, అదే బత్తాయి, తింటూ గింజ మింగిన రోజు, కడుపులో చెట్టు మొలుస్తుందని భయపడి ఆయన దగ్గరికే పరుగెత్తాను.

"మామా, నా కడుపు కోసినట్టు గీయి. గింజ యాడుండాదో చూడు."

"నాకేం కనపడదు పాపా. మోటార్లు వందసార్లు విప్పినాను కాబట్టి గీస్తా. నీ కడుపు ఎప్పుడన్నా విప్పినానా?"

"మరి చెట్టు మొలిస్తే?"

"మొలిస్తే కాయలు నాకియ్యి. రేపో ఎల్లుండో దొడ్డికి పోయినప్పుడు చూసుకో, నీకే తెలుస్తాది."

మూడో రోజు పొద్దున కంపచెట్ల చాటున పుల్లతో వెతికాను. గింజ దొరికింది, మొలకెత్తకుండా. ఇంటిదాకా నవ్వుకుంటూ పరుగెత్తాను.

తెలియనిది తెలియదని చెప్పిన పెద్దమనిషిని చూడటం నాకు అదే మొదలు. ఆ తర్వాత, కడుపులోని రోగాన్ని చూపుతోనే చెబుతామన్న స్వాములు చాలామంది ఎదురయ్యారు. ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగాను.

"ఎన్నిసార్లు విప్పి చూసినారు సామీ?"