మూడు ముక్కల ముఖం

దయ్యాలంటే నాకు భయం లేదు, అసహ్యం. వాటి గురించి చెప్పేవాళ్లంటే ఇంకా అసహ్యం. పనీపాటా లేనివాళ్ల కాలక్షేపమని తీసిపారేసేవాణ్ణి. ఇప్పుడు ఇది రాస్తుంటే నా మీద నాకే చిరాకుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండు వేల దశకం మధ్యలో, తెనాలిలో ఒక టైర్ల కొట్టు మేడ మీద చిన్న గది తీసుకుని, ఒక్క కంప్యూటరుతో ఇంటర్నెట్ ప్రకటనలు తయారుచేసేవాణ్ణి. వెబ్‌సైట్లలో పక్కన కనిపించే బ్యానర్లు. మా వైపు వాటికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. పెట్టేవాళ్లకు బుర్ర తక్కువ. అరచేతిలో పట్టేంత జాగాలో దేవుడి బొమ్మ, చిరునామా, నాలుగు ఫోన్ నంబర్లు, ఓనరు ఫొటో, అన్నీ మిణుకుమిణుకుమంటూ ఉండాలి. ఒక ముఖం, ఒక మాట, నొక్కడానికి ఒక బటన్ చాలని చెబితే నేను పని ఎగ్గొడుతున్నానని అనుకునేవారు.

వాళ్లందరిలోకీ పెద్ద పిసినారి చెంచయ్య. బాపట్లలో చేనేత చీరల కొట్టు ఆయనది. ఫొటో తియ్యడానికి ఒక మోడల్ అమ్మాయి కావాలన్నాను.

"మోడలెందుకయ్యా? కంప్యూటరుందిగా, దాంతోనే ఓ అమ్మాయిని చేసెయ్" అన్నాడు.

ఒళ్లు మండింది. నిజంగానే చేశాను. కళ్లు మా అక్క పెళ్లి ఫొటోలోవి. ముక్కూ నోరూ ఒక విదేశీ ఫొటోల సీడీలోవి. చుబుకం నాదే, నేను ఇంటర్ చదివేటప్పటిది. రెండు రోజులు కూర్చుని అతికాను. ఆ ముఖం పక్కన "మగ్గం మీంచి మీ ఇంటికి" అని రాసి, కింద బటన్ పెట్టాను. జిల్లా వార్తలు వేసే చిన్న వెబ్‌సైట్లో చవగ్గా జాగా దొరికింది. జనం బాగానే నొక్కారు. అదంతా తన తెలివేనన్నాడు చెంచయ్య.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరు మెట్లెక్కి వచ్చారు. ఒకరు రేపల్లెలో వాచీలు బాగుచేసే కరీం. వెనక అతని చెల్లెలు నస్రీన్, చెరుకుపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కరీం నా బ్యానర్ ప్రింటు తీసి బల్ల మీద పడేశాడు.

"మా చెల్లి ఫొటో నీకెవరిచ్చారు? చీరల ప్రకటనలో వేస్తావా? స్కూలోళ్లు ఇక రావద్దంటున్నారు!"

ఎవరూ ఇవ్వలేదనబోయి ఆమె వైపు చూశాను. మా అక్క కళ్లు, ఆ సీడీలోని నోరు, నా చుబుకం నా ఎదురుగా నిలబడి ఉన్నాయి.

పోలికేలే అని నాకు నేను సర్దిచెప్పుకుని నవ్వేశాను. ఫైలు తెరిచి, ముక్కలు ఒక్కొక్కటే విడదీసి చూపించాను. చదువురానివాళ్లకు పాఠం చెబుతున్నంత పొగరుగా చెప్పాను. కరీం కాస్త చల్లబడ్డాడు. నస్రీన్ మాత్రం తెర దగ్గరికి వంగి, పెదవి కింద ఉన్న నల్లటి చుక్క మీద వేలు పెట్టింది.

"ఇది ఎక్కణ్ణుంచి తీశారండి?"

"ఎక్కణ్ణుంచీ కాదమ్మా. అక్కడ అతుకు కుదర్లేదు. కనపడకుండా నేనే పుట్టుమచ్చ పెట్టాను."

"ఎప్పుడు పెట్టారు?"

ఫైలు మీది తేదీ చూపించాను. ఆమె ముఖం మీద కూడా సరిగ్గా అక్కడే మచ్చ ఉంది.

"నాది పుట్టుమచ్చ కాదండి" అంది నెమ్మదిగా. "ఆ వారంలోనే వచ్చింది. పడుకునేటప్పుడు లేదు, లేచేసరికి ఉంది. డాక్టరుకి కూడా చూపించుకున్నాం."

నేను నమ్మలేదు. మర్నాడు కరీం డాక్టరు చీటీ తెచ్చాడు. తేదీ నేనే చూశాను. నేను మచ్చ పెట్టిన మూడో రోజు.

ఆమె ఉద్యోగం నిలబడాలంటే స్కూలుకు నేను ఒక ఉత్తరం రాసివ్వాలి. ఉన్నది ఉన్నట్టు రాసి చదివి వినిపించాను. కరీం తల పట్టుకున్నాడు. "ఇదిస్తే నిన్నూ మమ్మల్నీ కలిపి పిచ్చోళ్లంటారన్నా" అన్నాడు. చింపేసి, ఎక్కడో దొరికిన ఆమె ఫొటోను అడక్కుండా వాడుకున్నానని అబద్ధం రాసి సంతకం పెట్టాను. దాన్ని మాత్రం స్కూలువాళ్లు ఇట్టే నమ్మారు. నన్ను దొంగ వెధవ అన్నారట. నస్రీన్ గారి ఉద్యోగం నిలిచింది. బ్యానర్ తీయించేశాను. దాని బదులు ఉత్త అక్షరాలతో చేసినదాన్ని ఎవరూ నొక్కలేదు. చెంచయ్య మళ్లీ నా గడప తొక్కలేదు.

ఇది విన్న మిత్రుల్లో ఒకడు కాకతాళీయం అని తేల్చేశాడు. ఇంకొకడు గుమ్మానికి నిమ్మకాయలు కట్టమన్నాడు. ఆ ఇద్దరి తెలివీ నాకు ఒక్కలాగే కనిపించింది.

తర్వాత నాలుగు కంప్యూటర్లు మార్చాను. పాత పనులన్నీ పారేశాను. ఆ ఒక్క ఫైలు మాత్రం ప్రతిసారీ కొత్తదాంట్లోకి ఎక్కించుకుంటున్నాను. తెరవను. తుడిచేస్తే నస్రీన్ గారికి ఏమీ కాదని నాకు తెలుసు. చెయ్యి మాత్రం ఆ మీట మీదికి పోదు.