కల్కి రెండవ రాకడ గడిలో పట్టడు

అరవైల చివర్లో నేను విజయనగరంలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఒకరోజు మా తత్వశాస్త్రం మాష్టారు బోర్డు మీద గళ్ళు గీసి, పైన అంత్యదినం, రెండవ రాకడ, తీర్పు, పునరుత్థానం అని రాశారు. పక్కన మతాల పేర్లు. నింపి ఇమ్మన్నారు. హిందువుల వరసలో ప్రళయం, కల్కి, యముడు, పునర్జన్మ అని టకటకా రాసిచ్చాను. పదికి పది వేశారు. వాల్తేరులో ఎం.ఏ. సీటుకి ఆయన సిఫార్సు ఉత్తరమే నాకు దిక్కు. ఇస్తానన్నారు.

ఆ ఆదివారం గజపతినగరంలో మా పిన్ని ఇంట్లో వ్రతం. సంకల్పంలో పురోహితుడు ఇది కలియుగంలో ప్రథమ పాదమని చదివాడు. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట, ఆరోజే చెవికెక్కింది. ఏ పూజకు కూర్చున్నా ఇంకా మొదటి పాదంలోనే ఉన్నామని చెప్పుకునేవాళ్ళం, యుగం చివర్లో వచ్చే కల్కి కోసం ఎన్నడు ఎదురుచూశాం?

కల్కి ఎప్పుడొస్తాడని పిన్నినే అడిగాను.

"కల్కా? ఆయనొచ్చీసరికి మనం ఎన్ని జన్మలెత్తుతామో ఏటో. ముందా అరిటిపళ్ళు కొయ్యి."

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి నా క్లాసే, భావనపాడు వైపు బాప్టిస్టు పాస్టరుగారి కూతురు. ఆమెకి చెప్పాను.

"మా నాన్న రోజూ పొద్దున్నే, ప్రభువు ఇయాలే రావచ్చు, సిద్ధంగా ఉండండంటాడు. మీ కల్కీ అదీ ఒకటేనేటే?" అంది.

మర్నాడు క్లాసులో లేచి, తప్పు రాశాను, మార్కులు తీసేయండన్నాను. మాష్టారి మొహం ముడుచుకుంది. "ఉత్తరం కావాలా, వాదన కావాలా?"

రెండూ కావాలన్నాను. సుద్దముక్క తీసుకుని ఆ గళ్ళే మళ్ళీ గీసి, పైన ఆయన నాలుగు మాటలకు బదులు యుగం, కర్మ, జన్మ, మోక్షం అని రాశాను. క్రైస్తవుల వరస నింపమని నా గదిలో అమ్మాయిని పిలిచాను.

ఆమె జన్మ కింద 'ఒక్కటే' అని రాసి ఆగింది. "మిగతావి మాకు లేవండి. లేవని బెంగా లేదు." నావైపు తిరిగి, "ఖాళీ గళ్ళు సూపించి నన్ను బీదదాన్ని సేసీసినావు కదే," అంది. క్లాసంతా నవ్వింది.

"అయితే మతాలను పోల్చనే కూడదా?" అన్నారు మాష్టారు.

"పోల్చండి. ఎవరు దేనికి ఎదురుచూస్తున్నారో ముందు వాళ్ళనే అడిగి, ఆ తర్వాత గళ్ళు గీయండి."

ఆయన నా పదిని ఆరు చేశారు. నెలాఖరుకి ఉత్తరం ఇచ్చారు. అందులో, ఈ అమ్మాయి తన తప్పు తనే పట్టుకుంటుంది, తర్వాత ఉపాధ్యాయుడిది పట్టుకుంటుంది అని రాశారు. సీటు వచ్చింది. ఇంటికెళ్ళి ముందు ఆ వాక్యం అందరికీ చదివి వినిపించాను, సీటు సంగతి తీరిగ్గా చెప్పాను.